వలలో పడ్డ కొత్త చేపను గుర్తించడం: సమస్య - పరిష్కారం

సమస్య: డెల్టా కాలువలోనో, ఊరి చెరువులోనో వేసిన వలలో బొచ్చె, శీలావతి, జెల్లలతో పాటు ఒళ్లంతా గరుకుగా, నల్లని మచ్చలతో, నోరు కిందివైపు ఉన్న చేప ఒకటి చిక్కుతుంది. దాని రెక్కల ముళ్లు వలకు మెలిపడి ఊడిరావు. గట్టున వేసినా గంటల తరబడి చావదు.

కారణం: పలుచోట్ల డెవిల్ ఫిష్, దెయ్యం చేప అని పిలిచే ఇది దక్షిణ అమెరికా నదులకు చెందిన సక్కర్ క్యాట్‌ఫిష్. అక్వేరియం అద్దాలకు పట్టిన పాచిని తింటుందని చిన్న చేపపిల్లగా ఉన్నప్పుడు కొన్నవారు, అది అడుగు దాటి పెరిగాక తొట్టెలో పట్టక కాలువలో వదిలేయడమే దాని వ్యాప్తికి ముఖ్య కారణం. పొట్ట ద్వారా గాలి పీల్చుకోగలదు కనుక ఒడ్డున కూడా చాలాసేపు బతుకుతుంది. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది కాబట్టి దీని బెడద వలలు చిరగడంతో ఆగదు, గట్లు కూడా బలహీనపడతాయి.

నిర్ధారణ: రంగును నమ్మవద్దు, చేప చావగానే అది మారిపోతుంది. ముందుగా చేపను వెల్లకిలా తిప్పి, పెదవులు గుండ్రని గిన్నె అంచులా ఉన్నాయేమో, పొలుసులకు బదులు ఒంటిపై ఎముక పలకలు ఉన్నాయేమో చూడాలి. తరువాత వీపు రెక్కను పూర్తిగా విప్పి అందులోని కిరణాలను (రెక్కను నిలబెట్టే సన్నని పుల్లలను) లెక్కించాలి: సాధారణంగా 10 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అది టెరిగోప్లిక్తిస్ ప్రజాతి, అంటే ఈ దెయ్యం చేపల గుంపు. పొట్ట మీద విడివిడి మచ్చలు ఒక జాతికి, మెలికల గీతలు మరొక జాతికి గుర్తులని చెబుతారు గానీ, ఈ రెండూ కలిసి సంకరమవుతాయి కనుక గీతలు చూసి మాత్రమే జాతి పేరు ఖాయం చేయడం సరికాదని నా అభిప్రాయం.

పరిష్కారం: తడి గోనెసంచితో తలను అదిమి పట్టుకుని వలను ముళ్ల నుంచి మెల్లగా తప్పించాలి, రాకపోతే వల కళ్లు ఒకటి రెండు కోయడం మేలు. చేపను తిరిగి నీటిలోకి మాత్రం వదలకూడదు. ప్రాణంతో ఉండగానే పక్కన స్కేలు పెట్టి ఒక పక్క నుంచి, ఆపై నోటిని, పొట్టను ఫోటో తీసి, దొరికిన చోటు రాసి మత్స్యశాఖ సిబ్బందికి పంపాలి.

ఎర్రని పొట్ట చూసి పిరానా అని భయపడే చేప చాలాసార్లు మన చెరువుల్లో పెంచే రూప్‌చందే. దాని పళ్లు మనుషుల దవడ పళ్లలా చదునుగా ఉంటాయి, పిరానావి మాత్రం ముక్కోణాకారంలో కత్తిలా ఉంటాయి.

నదీముఖాల్లో, సముద్రంలో దొరికి, పట్టుకోగానే పొట్ట ఉబ్బించే చేపను మాత్రం ఎంత చిన్నదైనా వండవద్దు. అందులో ఉండే టెట్రోడోటాక్సిన్ విషం ఎంత ఉడికించినా పోదు. పొరపాటున తిని పెదవులు తిమ్మిరెక్కితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.