కాలనీ పార్కు చేయి జారిపోకుండా ఏం చెయ్యాలంటే

వైజాగ్‌లో గజం రేటు ఎలా ఉందో తెలిసిందే కదండీ, అందుకే గేటు విరిగి పిచ్చిమొక్కలు పెరిగిన పార్కు కనిపిస్తే చాలు ఎవరో ఒకరి కన్ను పడుతుంది. ముందు ఇసుక, కంకర దింపుతారు, తర్వాత రేకుల షెడ్డు లేస్తుంది, అడిగితే నాలుగు రోజులే అంటారు, ఆ నాలుగు రోజులు ఎప్పటికీ అవ్వవు. మా వీధిలో సరిగ్గా ఇలాగే మొదలైంది, అప్పుడు తిరిగి తిరిగి నేర్చుకున్నవి రాస్తున్నా.

అందరూ ముందు శ్రమదానం అంటారు, నేనైతే ముందు కాగితాలు అంటాను. వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ లేఅవుట్ అయితే ప్లాన్ కోసం వీఎంఆర్‌డీఏ ఆఫీసులో అడగండి (2018లో వుడానే వీఎంఆర్‌డీఏ అయింది), జీవీఎంసీ (మన నగర కార్పొరేషన్) టౌన్ ప్లానింగ్‌లో కూడా అడగండి. రేపు రా ఎల్లుండి రా అంటే ఊరికే తిరగొద్దు, సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. లేఅవుట్ ప్లాన్ కాపీ, పార్కు విస్తీర్ణం, సర్వే నంబరు, ఆ స్థలం కార్పొరేషన్ పేరుమీద గిఫ్ట్ డీడ్ (దానపత్రం) రిజిస్టర్ అయిందా లేదా, ఇవన్నీ విడివిడిగా అడగాలి. ఆఖరిదే అసలు ప్రాణం, ఎందుకంటే గిఫ్ట్ డీడ్ లేకపోతే లేఅవుట్ వేసినాయన వారసులొచ్చి మా తాతల భూమి అంటారు, ఆ స్థలాన్నే ఇంకొకరికి అమ్మేసే ప్రమాదం కూడా ఉంది. చేయించలేదని తేలితే చేయించమని ఆరోజే రాతపూర్వకంగా పెట్టండి.

తర్వాత సర్వేయర్‌తో కొలిపించి నాలుగు మూలలా రాళ్లు పాతించండి. కబ్జా కనిపించిన రోజే ఫోటోలు తీసి వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీకి ఇవ్వండి, సోమవారం గ్రీవెన్స్‌లో కూడా అర్జీ పెట్టి నంబరు తీసుకోండి. నోటిమాట ఫిర్యాదు గాలికి పోతుంది. ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు, ఒక్కరే వెళ్తే బెదిరిస్తారు, సంఘం లెటర్‌హెడ్ మీద వెళ్తే కూర్చోబెట్టి మాట్లాడతారు. మరీ మొండికేస్తే కోర్టుందండీ, బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి ఇచ్చేస్తే 1991లో సుప్రీంకోర్టు కుదరదు అని తేల్చేసింది.

ఇంకోటి, చెప్పడానికి కాస్త కష్టమే గానీ చెప్పాలి. మంచి పనికే కదా అని మనవాళ్లే ఓ మూల గుడో కమ్యూనిటీ హాలో కడదాం అంటారు, ఒప్పుకోకండి, ఒక గోడ లేచాక రెండో గోడని ఆపడం ఎవరి వల్లా కాదు.

మొక్కల సంగతికొస్తే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు చెట్లు ఎలా కూలిపోయాయో చూశాం, ఆ బోసి వీధులు నాకింకా కళ్లల్లోనే ఉన్నాయి. త్వరగా నీడిస్తుందని ఏదో ఒకటి పాతెయ్యకుండా కానుగ, వేప, పొగడ, సముద్రం దగ్గరైతే గంగరావి లాంటివి వానలు పడగానే వెయ్యండి. కొమ్మల్ని ఇష్టమొచ్చినట్టు నరికితే చెట్టు ఒక పక్కకి బరువై గాలికి పడిపోతుంది, హార్టికల్చర్ వాళ్లని పిలిచి వాళ్ల ముందే కొట్టించండి.

లైట్లు వెలగాలి, పిల్లలు ఆడాలి, పొద్దున్నా సాయంత్రం పెద్దవాళ్లు కూర్చోవాలి, మనుషులు తిరిగే చోట ఇసుక దింపడానికి ఎవరికైనా జంకే. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మొక్కలకి నీళ్లు పొయ్యడానికి ఇంటికో రోజు వంతు రాసి గేటుకి కట్టండి, ఊరెళ్లేవాళ్లు పక్కింటికి ముందే చెప్పి వెళ్లాలి.