మచ్చను రుద్దే ముందు వేలితో తడిమి చూడండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పెళ్లి దగ్గరపడితే మొటిమ మచ్చల్ని నలుగుతోనో, పంచదార-నిమ్మరసంతోనో గట్టిగా రుద్దేస్తారు. రుద్దితే పోయేది పైనున్న మృతకణాలే. గుంట ఉండేది అడుగుపొరలో, అక్కడికి ఏ స్క్రబ్బూ చేరదు.

పక్క వెలుతురులో అద్దం చూసి తడమండి. చదునుగా, గోధుమరంగుగా ఉంటే అది రంగే, తగ్గుతుంది. 5 శాతం గ్లైకాలిక్ యాసిడ్ (మృతకణాలను మెల్లగా వదిలించే పూత) చెవి వెనక పూసి 2 రోజులు ఆగండి. ఏమీ కాకపోతే వారానికి 2 రాత్రులు, ఆరిన ముఖానికి పలచగా, పైన మాయిశ్చరైజర్. పగలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, రెండు వేళ్ల పొడవున. ఇది మానేస్తే మిగతాదంతా వృథా. 12 వారాలు ఓపిక పట్టాలి. చురుక్కుమంటే పనిచేస్తోందనుకుని కొనసాగించడమే పెద్ద పొరపాటు. మన చామనఛాయ చర్మం మంటపుడితే ఇంకా నల్లబడుతుంది.

గుంటలైతే బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రిలోనో, దగ్గర్లోనో చర్మవైద్యులకు చూపించండి. సూదిమొన గుంటలకు టీసీఏ క్రాస్ (గుంటలో గాఢమైన ఆమ్లం అద్దడం), చర్మం లాగితే చదునయ్యేవాటికి సబ్‌సిషన్ (మచ్చను కిందికి లాగే పోగుల్ని సూదితో తెంచడం) చేస్తారు. గట్టిగా ఉబ్బిన మచ్చను, అంటే కెలాయిడ్‌ను అసలు రుద్దకండి, పెరగొచ్చు; దానికి ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, సిలికాన్ జెల్. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడేవారు డాక్టర్‌ని అడగకుండా ఏ పీలింగూ (ఆమ్లంతో చర్మం పైపొర తీయడం) మొదలుపెట్టకూడదు.