ప్రపంచ వార్తను చదవడం – 5వ పాఠం: పక్క దేశంలో నచ్చనివాడు గెలిస్తే

పోయిన పాఠం చివర, ఏదైనా ఒక విదేశీ ఎన్నిక ఫలితం తీసుకుని, దానిపై మన దేశం ఏం చేయాలో పది వాక్యాలు రాయమన్నాను. నల్లగొండలో నాతోపాటు కూర్చుని చదివే గ్రూప్స్ పిల్లల నోటుబుక్కులు తిరగేశాను. సగం మంది మొదటి వాక్యంలోనే తీర్పు ఇచ్చేశారు. గెలిచినవాడు మంచోడైతే "ప్రజాస్వామ్య విజయం", కాకపోతే "ప్రజాస్వామ్యానికి ముప్పు". పరీక్షలు రాసే రోజుల్లో నేనూ ఇట్లనే రాసేవాణ్ని, మార్కులు కూడా అట్లనే వచ్చేవి.

ఈ పాఠంలో నేర్చుకునేది ఒక్కటే పని. పేజీ నడుమ నిలువు గీత గీయండి. ఎడమవైపు "ఓటు" అని, కుడివైపు "గెలిచినవాడు" అని రాయండి. ఓటు సరిగ్గా పడిందా, లెక్క సరిగ్గా జరిగిందా అన్నది ఎడమవైపు. ఆ మనిషి ఏం చేశాడు, ఏం చేస్తానంటున్నాడు అన్నది కుడివైపు. కుడివైపు కోపం ఎడమవైపుకు పాకనివ్వొద్దు. పేజీ అడుగున కొంచెం చోటు వదలండి, దాని సంగతి తర్వాత.

ఎందుకు ఇట్లా విడగొట్టాలి? మన గొలుసుకట్టు చెరువులు గుర్తు చేసుకోండి. పై ఊరి చెరువు అలుగు దుంకితేనే కింది చెరువులోకి నీళ్లు. పై ఊళ్లో మనకు గిట్టని మనిషి సర్పంచ్ అయ్యాడనుకోండి. దండ వేయాల్సిన పని లేదు. కానీ కాలువ పూడిక గురించి మాట్లాడాల్సింది ఆయనతోనే. ఓడిపోయినాయన ఇంట్లో చాయ్ తాగి "మా లెక్కల మీరే సర్పంచ్" అంటే నీళ్లు రావు.

1952లో ఈ నల్లగొండే ఢిల్లీకి నచ్చని మనిషిని గెలిపించింది. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉంటే, ఆ పార్టీ నాయకుడు రావి నారాయణరెడ్డి పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో పోటీ చేసి నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారు. అంతకు కొన్ని నెలల ముందు వరకు సైన్యంతో పోరాడిన పార్టీ నాయకుడు వెళ్లి లోక్‌సభలో కూర్చున్నారు. ఇది ఇంటి సంగతి, విదేశం కాదు. కానీ ఎడమవైపు గడి అంటే ఏమిటో దీనికన్నా బాగా నేను చెప్పలేను.

ఇప్పుడు అసలు ఉదాహరణ, ఆస్ట్రియా. 1999 అక్టోబరు ఎన్నికల్లో యోర్గ్ హైదర్ నడిపిన ఫ్రీడమ్ పార్టీకి దాదాపు 27 శాతం ఓట్లు, రెండో స్థానం. మూడో స్థానంలో ఉన్న పీపుల్స్ పార్టీకన్నా కేవలం 415 ఓట్లు ఎక్కువ. హిట్లర్ కాలపు ఉద్యోగ విధానాన్ని ఒకప్పుడు మెచ్చుకున్న మనిషి హైదర్. 2000 ఫిబ్రవరిలో ఈ రెండు పార్టీలూ కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేశాయి. యూరోపియన్ యూనియన్‌లోని మిగతా 14 దేశాలు ఆస్ట్రియాతో మంత్రుల స్థాయి రాజకీయ సంబంధాలు ఆపేశాయి.

గడులు నింపుదాం. ఎడమవైపు: ఓటులో ఏ లోపమూ లేదు. కుడివైపు: మాటలు చెడ్డవి, కానీ కొత్త ప్రభుత్వం ఇంకా ఏమీ చేయలేదు. హైదర్ అయితే మంత్రివర్గంలోనే లేడు. అంటే శిక్ష పనికి కాదు, భయానికి. పైగా ఏం చేస్తే ఆంక్షలు ఎత్తేస్తారో ఎవరూ చెప్పలేదు. చివరికి ముగ్గురు పెద్దమనుషుల్ని వేశారు, అందులో ఫిన్లాండ్ మాజీ అధ్యక్షుడు అహ్తిసారి ఒకరు. ఆంక్షలు ఇట్లాగే సాగితే ఎదురు తిరుగుతాయని, దేశంలో జాతీయ భావాల్ని రెచ్చగొట్టాయని వాళ్లు చెప్పారు. సెప్టెంబరులో ఎత్తేశారు. తర్వాత యూరోపియన్ యూనియన్ దేశాలు చేసుకున్న నీస్ ఒప్పందంలో, ఇలాంటి పరిస్థితిలో ముందుగా హెచ్చరించే పద్ధతి ఒకటి రాసుకున్నారు. రూల్ ముందు, శిక్ష తర్వాత ఉండాలని అప్పటికి తెలిసొచ్చింది.

ఇక్కడ ఒక గుంట ఉంది, చాలామంది పడతారు. 2002 ఎన్నికల్లో ఆ పార్టీ 10 శాతానికి పడిపోయింది. "చూశారా, ఆంక్షలు పనిచేశాయి" అని రాయాలనిపిస్తుంది. ఆగండి. ఆ ఏడాది ఆ పార్టీ లోపలి లొల్లితోనే ప్రభుత్వం కూలింది. తర్వాత జరిగిందల్లా దానివల్లే జరిగిందనుకోవద్దు.

పాలస్తీనాలో గడులు అంత తేలిగ్గా నిండవు. 2006 జనవరిలో, ఇజ్రాయెల్‌పై ఆయుధాలతో పోరాడే హమాస్ 132 సీట్లలో 74 గెలిచింది. హింస మానాలి, ఇజ్రాయెల్‌ను గుర్తించాలి, పాత ఒప్పందాలు ఒప్పుకోవాలి అని అమెరికా, యూరప్, రష్యా, ఐక్యరాజ్యసమితి షరతులు పెట్టాయి. కుడివైపు నిజంగానే నిండుగా ఉంది, కాబట్టి షరతుల్లో నాకు తప్పు కనబడదు. తప్పు సమయానిది. ఇలాంటి మాట ఎన్నికకు ముందు, 2005 డిసెంబరులోనే సూచనగా అన్నారు, కానీ పోటీకి అడ్డు చెప్పలేదు. గట్టిగా చెప్పింది ఫలితం వచ్చాకే. ఓటు వేసినవాడికి అది ఆట అయిపోయాక మార్చిన రూల్‌లా కనిపిస్తుంది.

పేజీ అడుగున వదిలిన చోటులో "మన చేతిలో ఏముంది?" అని రాయండి. మాల్దీవుల్లో 2023 అధ్యక్ష ఎన్నికల్లో ముయిజ్జు "ఇండియా అవుట్" నినాదంతో గెలిచాడు. మనవాళ్లు సోషల్ మీడియాలో ఆగమాగం చేశారు. మన ప్రభుత్వం మాత్రం 2024 మే నాటికి అక్కడున్న మన సైనికుల స్థానంలో సాంకేతిక సిబ్బందిని పెట్టి, హెలికాప్టర్లను అక్కడే ఉంచింది. జూన్‌లో ముయిజ్జు మన ప్రధాని ప్రమాణ స్వీకారానికి వచ్చాడు. అక్టోబరులో 40 కోట్ల డాలర్ల కరెన్సీ మార్పిడి ఒప్పందం కుదిరింది. ఆ దేశానికి డాలర్ల కరువు ఉండబట్టే ఇది నడిచింది. అన్ని చోట్లా మన చేతిలో అంత ఉండదు.

అభ్యాసం: అల్జీరియాలో 1991 డిసెంబరులో ఇస్లామిక్ సాల్వేషన్ ఫ్రంట్ మొదటి విడతలోనే 188 సీట్లు గెలిచింది. 1992 జనవరిలో సైన్యం రెండో విడతను రద్దు చేసింది. తర్వాత అంతర్యుద్ధంలో లక్ష మందికి పైగా చనిపోయారని అంచనా. మీరు 1992 జనవరిలో ఫ్రాన్స్ విదేశాంగ శాఖలో కూర్చున్నారనుకుని మూడు గడులూ నింపండి. యుద్ధం రాబోతోందని మీకింకా తెలియదు, ఆ సంగతి మర్చిపోకండి. ఆరో పాఠం ఈ జవాబుల దిద్దుబాటుతోనే మొదలవుతుంది.