నిమ్మగడ్డి నూనె: కోత నుంచి వడపోత దాకా

చిత్తూరు జిల్లా ఎర్రనేలల్లో బోరు నీరు అంతంతమాత్రంగా ఉన్న రైతులు నిమ్మగడ్డి వేసి, నూనె తీసి అమ్మాలనుకుంటే, సాగు కన్నా కోత తరువాతి పనుల మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ఈ నూనెకు ధర పలికేది అందులోని, నిమ్మ వాసననిచ్చే సిట్రాల్ అనే పదార్థాన్ని బట్టి. మంచి నూనెలో అది నూటికి 75 పాళ్లకు పైగా ఉంటుంది.

నీరు నిలవని నేలలో, తొలకరి వానలకు పిలకలు నాటితే నాలుగైదు నెలలకు మొదటి కోత వస్తుంది. ఆ తరువాత రెండున్నర, మూడు నెలలకొకసారి కోసుకుంటూ ఐదేళ్ల దాకా తోటను నిలుపుకోవచ్చు. లక్నోలోని సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ) రూపొందించిన ‘కృష్ణ’ రకం నాటుకోదగినది. మంచు ఆరిన తరువాత, పూత రాకముందే, నేలకు జానెడు లోపు ఎత్తు వదిలి కోయాలి. కోసిన గడ్డిని నీడలో పలుచగా పరచి ఒక పూట వాడనివ్వాలి. పచ్చిగడ్డిని కుప్పవేస్తే వేడెక్కి పాడవుతుంది.

ఆవిరి పట్టి నూనె తీసే స్వేదన పాత్రలో గడ్డి నింపడమే అసలు నేర్పు. అంచుల వెంట ఎక్కడైనా సందు మిగిలితే ఆవిరి ఆ దారినే పైకి పోతుంది, మధ్యనున్న గడ్డిలో నూనె అలాగే ఉండిపోతుంది. కాబట్టి పొరలు పొరలుగా వేస్తూ, ప్రతి పొరనూ అంచుల దాకా సమంగా తొక్కాలి. అడుగు నుంచి ఆవిరిని ఒకే జోరుతో రెండు మూడు గంటలు పంపాలి. ఆవిరిని చల్లార్చి ద్రవంగా మార్చే కండెన్సర్‌కు చల్లటి నీరు తగినంత అందకపోతే నూనె ఆవిరిగానే గాలిలో కలిసిపోతుంది. ఆ ద్రవం చేరే సెపరేటర్‌లో నూనె నీటికన్నా తేలిక గనుక పైన పసుపుపచ్చగా తేలుతుంది, నీరు అడుగు గొట్టం గుండా బయటికి పోతుంది. వంద కిలోల గడ్డికి అర కిలో అటూ ఇటూ నూనె దిగుతుంది. ఇనుప పాత్రల తుప్పు నూనె రంగు చెడగొడుతుంది కాబట్టి, ఖర్చు ఎక్కువైనా స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలే మేలని నా గట్టి అభిప్రాయం.

నూనెలో మిగిలిన తేమను అన్‌హైడ్రస్ సోడియం సల్ఫేట్ (తేమను పీల్చుకునే, నీరు లేని లవణం)తో తీసి, వడగట్టి, అల్యూమినియం డబ్బాల్లోనో ముదురు రంగు సీసాల్లోనో మూత దాకా నింపి, ఎండ తగలని చోట దాచాలి.

సబ్బులు, అగరుబత్తులు, దోమల మందులు, నేల తుడిచే ద్రావణాల్లో ఈ నూనెను వాడతారు. సిట్రాల్ నుంచి అయొనోన్‌లు అనే సువాసన పదార్థాలు, వాటి నుంచి విటమిన్ ఎ తయారవుతాయి. ఇంట్లో వాడుకునేవారు కొబ్బరినూనెలో బాగా పలుచన చేయకుండా ఒంటికి రాయకూడదు, చర్మం మండుతుంది. నూనె తీసిన గడ్డిని ఎండబెడితే తరువాతి విడతకు బాయిలర్ కింద వంటచెరకుగా సరిపోతుంది.