అప్లై చేసినా కబురు లేదా? ఎక్కడ ఆగిందో చూడండి

డిగ్రీ ఆఖరి ఏడాది పిల్లలు నా దగ్గరికొచ్చి చెప్పేది ఒకటే మాట: "సార్, ఉద్యోగం రావట్లేదు." ఆ మాటతో ఏమీ తేలదు. ఫోనే రావట్లేదా? ఇంటర్వ్యూలో పోతోందా? వచ్చిన ఉద్యోగం సర్టిఫికెట్ల దగ్గర ఆగిందా? ముందు ఒక నోట్‌బుక్ పెట్టండి. ఏ రోజు, ఏ కంపెనీకి, ఏ పోస్టుకి పంపారో, ఎందాకా వెళ్లిందో రాసుకోండి. నెల తిరిగేసరికి జబ్బు ఎక్కడుందో ఆ పేజీలే చూపిస్తాయి.

సమస్య: యాభై చోట్లకు పంపినా ఒక్క ఫోన్ రాలేదు

కారణం చాలాసార్లు రెజ్యూమేలోనే ఉంటుంది. ఎచ్చెర్ల వైపు నుంచి ఒక బీఎస్సీ కెమిస్ట్రీ అమ్మాయి తన రెజ్యూమే పట్టుకొచ్చింది. పైన నాలుగు లైన్ల కెరీర్ ఆబ్జెక్టివ్, కింద హాబీలు. పైడిభీమవరం ఫార్మా కంపెనీల క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) ల్యాబ్‌లకు పంపుతోంది కానీ, ద్రావణం గాఢత కొలిచే టైట్రేషన్ అన్న మాటే అందులో లేదు. అడిగితే మూడేళ్లూ చేసిందట, పీహెచ్ మీటర్, కలరీమీటర్ వాడిందట! ఆబ్జెక్టివ్ కొట్టేసి, ఆ చోట ఇవన్నీ రాయించాను. ఇంకోటి కూడా కనబడింది. ఇచ్చిన నంబర్ వాళ్ల నాన్నది. ఆయన పొలంలో ఉంటే ఆ ఫోన్ ఎత్తేదెవరు?

ప్రకటనలో వాళ్లు వాడిన మాటల్లో మీకు నిజంగా వచ్చినవి మీ కాగితంలో కనబడాలి. చాలా కంపెనీల్లో మనిషి కంటే ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది, దానికి కావలసింది ఆ మాటలే. పోస్టు మారితే రెజ్యూమే కూడా మారాలి.

సమస్య: పిలుస్తున్నారు, లోపలికెళ్తే నోరు పెగలదు

ఇంగ్లీషు రాదన్న టెన్షన్ కన్నా, మన యాస బయటపడుతుందేమోనన్న భయం పిల్లల్ని ఎక్కువ కుంగదీస్తోంది. మాట మింగేస్తారు. దయచేసి యాసను దాచుకోకండి. మీ ప్రాజెక్టు గురించి ముందు తెలుగులో ఒక స్నేహితుడికి ఐదు నిమిషాలు చెప్పండి. అతనికి అర్థమైందంటే విషయం మీకు వచ్చినట్టే. తర్వాత అదే చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పి, ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. పది రోజులు చేస్తే తేడా మీకే తెలుస్తుంది.

సమస్య: అందరూ అనుభవం అడుగుతున్నారు

డిగ్రీ, డిప్లొమా చేసినవాళ్లకు కేంద్ర ప్రభుత్వ నాట్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్) పోర్టల్‌లో అప్రెంటిస్‌షిప్‌లు, అంటే పని నేర్చుకుంటూ అనుభవం సంపాదించే అవకాశాలు, ఉంటాయి. స్టైపెండ్ ఇస్తారు, చివర్లో సర్టిఫికెట్ వస్తుంది. జీతం తక్కువని కొట్టిపారేయకండి.

సమస్య: రిజిస్ట్రేషన్ ఫీజు కడితే ఉద్యోగం ఖాయమంటున్నారు

అది మోసం. ఒక్క రూపాయి కట్టొద్దు. ఇప్పటికే కట్టేశారా? సిగ్గుపడి దాచకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

సమస్య: సెలెక్టయ్యాక పేరు కలవలేదన్నారు

టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి ఈరోజే చూసుకోండి. తేడా ఉంటే మెమోలో ఉన్నట్టే ఆధార్‌లో మార్పించుకోండి. పేరు మార్చుకోవడానికి రెండుసార్లే అవకాశం ఇస్తారు కాబట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక మొదలుపెడితే, మీరు తిరుగుతుండగానే చేరాల్సిన తేదీ దాటిపోతుంది.