పొగ ఎక్కువైతే కట్టె సరిగ్గా కాలనట్టే: ఇంటి ఫైర్‌ప్లేస్ సమస్యలు, పరిష్కారాలు

ఫైర్‌ప్లేస్ అంటించిన ఇరవై నిమిషాలకు ఒకసారి ఇంటి బయటికి వెళ్లి పొగగొట్టం వంక చూడండి. పైన గాలి కాస్త అలలాడుతూ, పొగ లేనట్టే ఉంటే మంట బాగున్నట్టు. బూడిద రంగులో దట్టంగా లేస్తుంటే మీ కట్టెలో కొంత భాగం కాలకుండానే గాలిలో కలిసిపోతోంది. ఆ పొగలోని 2.5 మైక్రాన్లలోపు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాలు ఊపిరితిత్తుల లోతుకి దిగుతాయి. మన ఇంట్లోవాళ్లవే కాదు, పక్కింటి పసిపిల్లవి కూడా. ఇంటికి వెచ్చదనం తగ్గినా, ఊరికి పొగ ఎక్కువైనా చాలావరకు మూలం ఒకటే: తడి కట్టె, లేదా చాలని గాలి.

సమస్య: కట్టె ఒక పట్టాన అంటుకోదు, అంటుకున్నా బుసకొడుతుంది

మంటలో ఉన్న మొద్దు కొసను దగ్గరగా గమనించండి. కోసిన ముఖం మీద చిన్న చిన్న బుడగలు నురగలా పొంగి, చుయ్యిమని ఆవిరి వస్తుంటే అది పచ్చిది. అప్పుడే నరికిన కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే ఉండొచ్చు. అంటే రెండు కిలోల మొద్దు వేస్తే కిలో నీళ్లు మరగబెట్టే పని మంటకు అప్పగించినట్టు. వేడంతా ఆ నీటికే ఖర్చయిపోతే, కట్టెలోంచి వచ్చే వాయువులు అంటుకునేంత వేడి మిగలదు. అవే పొగగా బయటికి పోతాయి.

కట్టెలో తేమ 20 శాతం కంటే తక్కువ ఉండాలి. తేమ కొలిచే చిన్న మీటర్ ఒకటి కొనుక్కోవడం మంచిది. అయితే మొద్దు బయటి చెక్కు మీద గుచ్చితే తప్పుడు లెక్క వస్తుంది. అప్పటికప్పుడు చీల్చి, లోపలి ముఖం మీద గుచ్చాలి. మీటర్ లేకపోతే రెండు కట్టెలు ఒకదానితో ఒకటి కొట్టి చూడండి. ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్‌మంటాయి. కొసల్లో పగుళ్లు, ఊడిపోతున్న బెరడు, చేతికి తేలికగా ఉండటం కూడా ఎండిన గుర్తులే.

ఎండబెట్టడం అంటే మొద్దుల్ని మూల పడెయ్యడం కాదు. ముందు చీల్చాలి, నేల తగలకుండా పేర్చాలి, పైన మాత్రమే కప్పి పక్కల గాలి ఆడనివ్వాలి. చుట్టూ టార్పాలిన్ చుట్టేస్తే లోపల బూజు పడుతుంది. మెత్తటి కట్టెకు ఆరు నెలలు సరిపోవచ్చు. గట్టి కట్టెకు ఏడాది, కొన్నిటికి రెండేళ్లు పడుతుంది. వచ్చే చలికాలం కట్టెల్ని ఈ చలికాలమే పేర్చుకోవాలి.

సమస్య: పొగ గదిలోకి తంతోంది

ముందు డ్యాంపర్ (పొగగొట్టాన్ని తెరిచే, మూసే పలక) తెరిచి ఉందో లేదో చూడండి, చాలాసార్లు అదే కారణం. అది తెరిచే ఉంటే, గొట్టంలో చల్లగాలి బరువుగా కూర్చుని ఉండొచ్చు. ఒక కాగితం చుట్టి వెలిగించి, డ్యాంపర్ దగ్గర నిమిషంపాటు పట్టుకోండి. మంట పైకి లాగడం మొదలయ్యాకే కట్టెలు అంటించాలి. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతుంటే ఆపండి. అది ఇంట్లోని గాలిని బయటికి తోడేస్తుంటే పొగ గొట్టం వైపు వెళ్లక గదిలోకి వస్తుంది. కిటికీ వేలెడు తెరిస్తే పొగ తిరగబడటం ఆగిందంటే కారణం గాలి చాలకపోవడమే. ఇవేవీ కాకపోతే గొట్టంలో పక్షిగూడో, మసో అడ్డుపడి ఉంటుంది. మంట ఆపి, చిమ్నీ శుభ్రం చేసేవాళ్లను పిలవండి. గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పకుండా ఉండాలి. ఆ వాయువుకు రంగూ వాసనా లేవు.

సమస్య: అంటించిన మొదటి అరగంటా పొగే

కింద చితుకులు, పైన మొద్దులు పెట్టడం మనందరి అలవాటు. దాన్ని తిరగెయ్యండి. లావు కట్టెలు అడుగున, సన్నవి వాటిపైన, చితుకులు అన్నిటికన్నా పైన పేర్చి, పైనుంచే అంటించండి. మంట నెమ్మదిగా కిందికి దిగుతుంది, కింది కట్టె నుంచి లేచే వాయువులు పైనున్న మంటలోంచి వెళ్తూ కాలిపోతాయి. మొదటిసారి చేసినప్పుడు ఇది అంటుకుంటుందా అని నాకే అనుమానం వేసింది. ఇప్పుడు వేరేలా పేర్చను.

సమస్య: కట్టెలు బోలెడు అవుతున్నాయి, గది మాత్రం చల్లగానే ఉంది

తలుపు లేని ఫైర్‌ప్లేస్ స్వభావమే అంత. వేడిలో ఎక్కువ భాగం గొట్టం వెంట పోతుంది. పైగా గదిలోని వెచ్చటి గాలిని మంట పీల్చుకుంటుంటే, తలుపు సందుల్లోంచి చలిగాలి చొరబడుతుంది. రోజూ వెచ్చదనం కావాలంటే అందులో గాజు తలుపున్న ఇన్సర్ట్ స్టవ్ (ఫైర్‌ప్లేస్ లోపల ఇమిడే మూసిన పొయ్యి) అమర్చుకోవడమే అసలైన పరిష్కారం. తక్కువ కట్టెతో ఎక్కువ వేడి ఇస్తుంది, పొగా తగ్గుతుంది. అది కుదరకపోతే మంటను అప్పుడప్పుడు మాత్రమే వెలిగించుకోండి. కట్టె కాలితే వెలువడే కార్బన్‌ను మళ్లీ పెరిగే చెట్టు పీల్చుకుంటుంది, లెక్క సరిపోతుంది కదా అనొచ్చు, కానీ అది పెరగడానికి దశాబ్దాలు పడుతుంది.

సమస్య: గాజు నల్లబడుతోంది, గొట్టంలో తారులాంటి పూత

రాత్రంతా నిలవాలని గాలి రంధ్రాలు మూసేస్తే కట్టె మండదు, రగులుతూ ఉంటుంది. ఆ పొగ చల్లటి గొట్టానికి తగిలి క్రియోసోట్ అనే తారులాంటి పూతగా పేరుకుంటుంది. అది ఏదో ఒక రోజు అంటుకుంటే గొట్టమే తగలబడుతుంది. చిన్న మంటైనా చురుగ్గా మండనివ్వండి. ఏడాదికోసారి గొట్టం తనిఖీ చేయించండి.

సమస్య: ఘాటైన వాసన

కట్టె కానిదేదో కాల్చారు. పెయింట్ వేసిన చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్, మెరుపు కాగితాలు ఏవీ వద్దు. పురుగు పట్టకుండా మందు పెట్టిన పాత చెక్కల్లో కొన్నిటిలో ఆర్సెనిక్ ఉంటుంది, అది బూడిదలోనూ మిగులుతుంది. గాలి అసలు కదలని రోజున ఎంత మంచి కట్టె ఉన్నా అంటించకండి. ఆ పొగ వీధిలోనే నిలబడిపోతుంది.

సమస్య: బూడిద ఏం చేయాలి?

నివురుగప్పిన నిప్పు అన్నది ఇక్కడ అక్షరాలా నిజం. పైకి చల్లారినట్టున్న బూడిద అడుగున కణికలు రోజుల తరబడి ఉండగలవు. మూత ఉన్న లోహపు బకెట్‌లోకి ఎత్తి, ఇంటికి దూరంగా, చెక్కకు తగలకుండా పెట్టండి. కణికలు పూర్తిగా ఆరేదాకా డ్యాంపర్ కూడా మూయొద్దు. శుభ్రమైన కట్టె బూడిదలో పొటాషియం, కాల్షియం ఉంటాయి. బాగా చల్లారాక మొక్కలకు పలచగా చల్లొచ్చు. అది క్షారం కాబట్టి పుల్లటి నేల ఇష్టపడే మొక్కలకు మాత్రం వెయ్యకండి.