మ్యూజియానికి వెళ్లే ముందు పిల్లల చేతికి ఒక తాటాకు

బరంపురంలో ఒడియా మాధ్యమంలో చదువుకునే మన తెలుగు పిల్లలను ఏటా భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ మ్యూజియానికి తీసుకెళ్తుంటాను. మొదటిసారి 40 మందిని వెంటబెట్టుకుని రెండు గంటల్లో అన్ని గదులూ తిప్పేశాను. తిరుగు రైల్లో ఏమి చూశారని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. అప్పటినుంచి ఒక్క గదే చూపిస్తున్నాను, అదీ వారం ముందు నుంచి సిద్ధం చేసి.

ఆ గది తాళపత్రాలది. అక్కడి సేకరణలో తాళపత్ర గ్రంథాలు వేలల్లో ఉన్నాయి.

ముందుగా ముదిరిన తాటాకు తెచ్చి, ఈనె తీసి, రెండు వేళ్ల వెడల్పున ముక్కలు కోయండి. పసుపు నీళ్లలో ఉడికించి నీడలో ఆరబెట్టి, బరువైన పుస్తకాల కింద మూడు రోజులు ఉంచండి. తాటాకుపై రాసే ఇనుప కలమైన గంటానికి బదులు జామెట్రీ పెట్టెలోని వృత్తలేఖిని ముల్లు చాలు. పక్కన పెద్దవాళ్లు ఉండాలి.

మొదట హిందీ 'క' రాయించండి. తలగీత ఆకు పీచు వెంబడే పోతుంది కనుక గట్టిగా నొక్కితే చీలుతుంది. తరువాత ఒడియా 'క', దాని కింద తెలుగు 'క' రాయించండి. గుండ్రటి గీతకు ఆకు నిలుస్తుంది. మన రెండు లిపులూ ఎందుకు గుండ్రంగా తిరిగాయో చాలామంది చెప్పే కారణం ఇదే. పిల్లలకు దాన్ని పాఠంగా చెప్పకండి, చీలిన ఆకే చెబుతుంది.

ఇంకా అక్షరాలు సరిగా కనబడవు. దీపం మసిని కొబ్బరినూనెలో కలిపి ఆకంతా పూసి, పొడిగుడ్డతో తుడవండి. గీతల్లో మసి నిలిచి అక్షరం నల్లగా లేస్తుంది. నిరుడు నాలుగో తరగతి అమ్మాయి ఆకును కళ్లకు ఆనించుకుని, "మాస్టారూ, ఇందాకటి నుంచీ ఇక్కడే దాక్కుందండీ!" అంది. ఆ క్షణం కోసమే నేను ఈ శ్రమంతా పడతాను.

సోమవారం మ్యూజియానికి సెలవు. రెండు వారాల ముందే బడి తరఫున ఉత్తరం రాసి, ఎంతమంది వస్తున్నారో, ఏ గది చూస్తారో తెలపండి. రైల్లో సుమారు మూడు గంటల ప్రయాణం.

గదిలో ఇద్దరికొక అద్దాల పెట్టె, పదిహేను నిమిషాలు. ఒకే ప్రశ్న ఇవ్వండి: తాడు దూర్చే చిల్లు చుట్టూ ఎందుకు ఖాళీ వదిలారు? తాడు రాపిడికి అక్కడి అక్షరాలు అరిగిపోతాయని వాళ్లే కనిపెడతారు.

తిరిగి వచ్చాక బడి గ్రంథాలయంలో చిన్న ప్రదర్శన పెట్టండి. మన వైపు చాలా ఇళ్లలో తాటాకు జాతకాలు ఉంటాయి. వాటిని లామినేట్ చేయకూడదు, టేపు అంటించకూడదు, తడిగుడ్డ తగలనీయకూడదు. పుట్టిన వివరాలున్న వైపు పైకి కనబడకుండా పెట్టండి. చీటీలు తెలుగులో, ఒడియాలో పక్కపక్కనే రాయండి. ఎవరి ఇంటి ఆకు దగ్గర ఆ పిల్లవాడే నిలబడి, నాయనమ్మ దగ్గర విన్నది చెప్పాలి. సాయంత్రానికి ఆకును వచ్చిన గుడ్డలోనే చుట్టి, ఇచ్చినవారి చేతికే అప్పగించండి.